వెంబరీ రాళ్ల కింద కనిపించిన జెల్లీ ముద్దలు: ఇవన్నీ సీ స్క్విర్ట్‌లేనా?

ప్లిమత్_పావని

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్ నైరుతి మూలన ప్లిమత్‌లో ఉంటాం. ఊరికి దగ్గర్లో వెంబరీ అని రాళ్ల తీరం ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం బాగా వెనక్కి వెళ్లి, మిగతా రోజుల్లో నీళ్లలోనే ఉండే బండలు బయటపడతాయి. వాటి కింద ఏముందో చూడాలని మావాడి గోల. ఐదు ఫోటోలు పెడుతున్నాను.

మొదటిది వేలెడంత సంచి, లోపలి పేగులు కూడా కనిపిస్తున్నాయి. పైన రెండు గొట్టాలు. ముట్టుకుంటే ముడుచుకుపోయి మావాడి మొహం మీద నీళ్లు చిమ్మింది. రెండోది రాయికి అంటుకున్న ముదురు నీలం పొర, మీద పసుపు పువ్వులు. మూడోది ఎర్రటి గింజల గుంపు. నాలుగోది లేతాకుపచ్చ మెత్త, పైన చిన్న చిన్న రంధ్రాలు. ఐదోది వెంబరీలో కాదు, పడవలు కట్టే మెరీనాలో తాడుకి పట్టుకుని ఉంది. ముడతల తోలు, కింద కాడ.

మొక్కలా, జంతువులా? నెట్‌లో వెతికితే "సొంత మెదడు తినేసే జంతువు" అని వీడియోలు వస్తున్నాయి. నిజమేనా? పిల్లాడు స్కూల్లో చెప్పేస్తానని కూర్చున్నాడు, నాకు టెన్షన్.

మూర్తి_మాస్టారు

పావని గారూ, ఫోటోలు బాగా తీశారు. నాలుగు సీ స్క్విర్ట్‌లే, అంటే ఒకచోట అతుక్కుని నీళ్లు వడగట్టి తినే, తాకితే నీళ్లు చిమ్మే సముద్ర జంతువులు. ఒకటి కాదు.

ఒకటోది సియోనా ఇంటెస్టినాలిస్. ఫోటో పెద్దది చేసి చూడండి. నీళ్లు లోపలికి పీల్చే గొట్టం అంచున ఎనిమిది తమ్మెలు, బయటికి వదిలే గొట్టానికి ఆరు ఉండాలి. అంచు చుట్టూ పసుపు గీత ఉంటుంది. రెండోది బోట్రిల్లస్ ష్లోసెరి. మీరు పువ్వు అంటున్నది ఒక జంతువు కాదు. ఒక్కో రేకు ఒక్కో జంతువు, రెండు మిల్లీమీటర్ల ప్రాణి. ఎవరి నోరు వాళ్లదే, నీళ్లు బయటికి పోయే దారి మాత్రం నడిమధ్యన అందరికీ కలిపి ఒకటే. మూడోది డెండ్రోడోవా గ్రోస్సులారియా, అక్కడి జనం బేక్డ్ బీన్ సీ స్క్విర్ట్ అంటారు. ఐదోది స్టైలా క్లావా. దాని కథ వేరే, తర్వాత చెబుతాను.

నాలుగోది స్పంజిక. బ్రెడ్‌క్రంబ్ స్పంజి అంటారు. కాలనీలుగా బతికే సీ స్క్విర్ట్‌లనీ స్పంజికలనీ కలగలిపేయడం చాలామంది చేసే పనే. నీళ్లలో ఉండగా గొట్టం దగ్గర మెల్లగా తాకండి. సీ స్క్విర్ట్ అయితే మూసుకుంటుంది, స్పంజికలో మనకు కనిపించేంత కదలిక ఉండదు. పైగా సీ స్క్విర్ట్ పొర నున్నగా జారుతుంది, స్పంజిక గరుగ్గా ఉండి గిల్లితే పొడిపొడిగా ఊడుతుంది. గిల్లమని చెప్పడం లేదు.

అన్నీ జంతువులే. పైగా సీ స్క్విర్ట్‌లు చేపలకీ కప్పలకీ మనకీ దగ్గరి చుట్టాలు. రాయికి అతుక్కున్న ఈ సంచిని చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, దాని డింభకాన్ని, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్లని చూస్తే నమ్ముతారు. తోకకప్పలా ఈదుతుంది. తోకలో పృష్ఠవంశం (మన వెన్నెముక స్థానంలో ఉండే మెత్తని కడ్డీ, నోటోకార్డ్), దాని పైన నాడీదండం, వెలుతురు తెలిసే కంటిచుక్క, పైదీ కిందిదీ తెలిపే ఓ చిన్న రేణువు. నోరు తెరుచుకోదు, తిండి తినదు. కొన్ని గంటల్లో, మహా అయితే కొద్ది రోజుల్లో చోటు వెతుక్కుని తలతో అతుక్కోవాలి. అతుక్కున్నాక తోక లోపలికి ముడుచుకుని కరిగిపోతుంది, దానితోపాటు పృష్ఠవంశం కూడా. రష్యన్ శాస్త్రవేత్త కోవలెవ్‌స్కీ 1866లో ఈ సంగతి రాసేదాకా వీటిని నత్తల, ఆల్చిప్పల బంధువులుగానే లెక్కగట్టేవారు. డార్విన్ 1871 నాటి పుస్తకంలో దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు.

మన డిగ్రీ జువాలజీ చదివినవాళ్లకి ఇది హెర్డ్‌మానియా అనే సీ స్క్విర్ట్ పాఠం. తిరోగమన రూపవిక్రియ (పెద్దయ్యాక ఒంటి నిర్మాణం వెనక్కి తగ్గి సరళమైపోవడం), బొమ్మ గీసి భాగాలు గుర్తించుము. ఎన్ని వందల జవాబు పత్రాలు దిద్దానో.

అలల_రాజు

మాస్టారూ, హెర్డ్‌మానియా అనగానే ఫార్మలిన్ వాసన గుర్తొచ్చింది 😀 సీసాలో తెల్లగా పాలిపోయిన ముద్ద. బతికినదాన్ని మొదటిసారి చూసింది విశాఖ హార్బర్‌లో, డైవింగ్ నేర్చుకునేటప్పుడు. జెట్టీ స్తంభాలకీ బోయాలకీ ఆల్చిప్పలతో కలిసి దట్టంగా పట్టి ఉంటాయి.

పావని గారు చూసినంత సులువుగా మన దగ్గర నడిచి వెళ్లి చూడలేం. విశాఖలో పోటుకీ ఆటుకీ మధ్య తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. ప్లిమత్‌లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో దాదాపు ఐదు మీటర్లు. అంత దిగితే ఎంత రాతినేల బయటపడుతుందో చూడండి. అదీగాక మన ఎండకి బయటపడ్డ రాయి కాసేపట్లో పెనంలా కాలుతుంది. అక్కడి చల్లటి తీరాల్లో బండ కింద తడి ఆరదు, పైన నాచు కప్పు. నీళ్లు వడగట్టి తినే ఒళ్లు మెత్తని జంతువుకి అంతకంటే ఏం కావాలి.

ఒక్క మాట: తిప్పిన బండని మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టేయండి. కింది వైపు పైకి వచ్చిందంటే వెలుతురుకీ ఎండకీ అక్కడున్నవన్నీ చస్తాయి, పైన ఉన్న నాచు కింద పడి కుళ్లిపోతుంది.

ప్లిమత్_పావని

పెట్టేశామండీ. ఇక్కడ తీరం దగ్గర బోర్డు మీద కూడా అదే రాశారు.

మాస్టారు గారూ, మెదడు సంగతి చెప్పలేదు?

జీనోమ్_గీత

దాని సంగతి నేను చెబుతాను. పీహెచ్‌డీలో సియోనా మీదే పని చేశాను కాబట్టి ఆ వీడియోలు చూస్తే ఒళ్లు మండుతుంది.

"తినేస్తుంది" అనేది వినడానికి బాగుంటుందని వేసిన మాట. నోటితో తినడం ఏమీ లేదు, అప్పటికి నోరే తెరుచుకోదు. సియోనా డింభకం కేంద్ర నాడీ వ్యవస్థలో ఉన్న నాడీకణాలన్నిటినీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా గుర్తించి, ఏది దేనితో కలుస్తుందో 2016లో మ్యాప్ ప్రచురించారు. మొత్తం 177. రూపం మారేటప్పుడు వీటిలో చాలా కణాలు చచ్చి ఒంట్లోకి కలిసిపోతాయి. కంటిచుక్క పోతుంది, తోకని ఆడించే నాడులు పోతాయి. కానీ నాడీ వ్యవస్థలోని కొన్ని కణాలు మిగిలి, పెద్దయ్యాక మెదడులా పనిచేసే నాడీ సంధి (నాడీకణాల ముద్ద) తయారీలో పాలు పంచుకుంటాయి. ఆ నాడీ సంధి రెండు గొట్టాల మధ్యన ఉంటుంది. మీవాడు ముట్టుకోగానే అది ముడుచుకుని నీళ్లు చిమ్మిందే, ఆ ఆర్డర్ వేసింది అదే. సియోనాలో ఆ నాడీ సంధిని కోసి తీసేస్తే కొన్ని వారాల్లో మళ్లీ పెంచుకుంటుంది! మెదడు వద్దనుకున్న జంతువు చేసే పనేనా అది?

స్కూల్లో చెప్పాలంటే ఇలా చెప్పమనండి: పాత మెదడు తీసేసి వేరేది కట్టుకుంటుంది.

మూర్తి_మాస్టారు

గీతమ్మా, "తినడం" మీద నీతో నాకు పేచీ లేదు. కానీ మొత్తం లెక్క చూడు. కన్ను పోయింది, తోక పోయింది, పృష్ఠవంశం పోయింది, ఈత పోయింది. 177 కణాలతో వెలుతురు చూసి, దిక్కు తెలుసుకుని, చోటు ఎంచుకున్న ప్రాణి చివరికి ఒక సంచిగా మిగిలింది. దీన్ని తిరోగమనం అనకపోతే ఏమనాలి? రే లంకెస్టర్ 1880లో దీని మీద పుస్తకమే రాశాడు, సీ స్క్విర్ట్ అందులో ప్రధాన సాక్షి.

పావని గారికి ఓ మాట. ఆ లంకెస్టరే 1884లో మీ దేశంలో మెరైన్ బయలాజికల్ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ముఖ్యుడు. దాని ప్రయోగశాల 1888 నుంచి మీ ప్లిమత్‌లోనే ఉంది, సిటడెల్ హిల్ మీద. ఇన్నేళ్లుగా వెంబరీ రాళ్లకి అక్కడినుంచి వచ్చే చూపరులకి కొదవ లేదు.

జీనోమ్_గీత

మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. లంకెస్టర్ ఈదే జంతువు కొలబద్దతో కదలని జంతువుని కొలిచాడు. పోయినవి రాయడం తేలిక, కొత్తగా వచ్చినవి ఎవరూ ఆ జాబితాలో రాయరు.

ఆ సంచి తోలు చూడండి. అందులో సెల్యులోజ్ ఉంది. పత్తిలో, కాగితంలో ఉండే సెల్యులోజే. కార్ల్ ష్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1845లో ఆ మాట చెబితే ఆశ్చర్యపోయారు, ఎందుకంటే అది మొక్కల సరుకు. జంతువుల్లో సెల్యులోజ్‌ని సొంతంగా తయారుచేసుకునేది ఈ వర్గం ఒక్కటే. ఆ జన్యువు ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట బ్యాక్టీరియా నుంచి వీటి పూర్వీకుల్లోకి వచ్చి చేరింది. ఇంకా తమాషా ఏంటంటే, ఆ జన్యువు పాడైన సియోనా డింభకాలని జపాన్ శాస్త్రవేత్తలు చూశారు. అవి ఎక్కడా అతుక్కోకుండానే, ఈదుతూనే ఒళ్లు పెద్దదానిలా మార్చుకోవడం మొదలెట్టాయి. అంటే సెల్యులోజ్ తోలు దగ్గర ఆగలేదు. ఎప్పుడు మారాలి అనే వరుసలో కూడా దాని చెయ్యి ఉంది.

ఇక వెనేడియం. మార్టిన్ హెంజ్ అనే ఆయన 1911లో నేపుల్స్‌లో ఒక సీ స్క్విర్ట్ రక్తకణాల్లో ఈ లోహం కనిపెట్టాడు. కొన్ని జాతులు సముద్రపు నీటిలో ఉన్నదానికి కోటి రెట్ల వరకు పోగుచేస్తాయి. తనను తినేవాళ్లకి రుచించకుండా ఉండటానికా, మరో పనికా అన్నదానిపై వందేళ్లు దాటినా వాదన నడుస్తూనే ఉంది.

ఇక బంధుత్వం. ఆంఫియాక్సస్ (ఇసుకలో దాక్కుని బతికే చిన్న సముద్రజీవి) మనకి అందరికంటే దగ్గర చుట్టం అని మీరూ చెప్పారు, మేమూ రాశాం. ఎందుకంటే అది చూడటానికి చేపలా ఉంటుంది. 2006లో చాలా జన్యువులు కలిపి పోల్చి చూస్తే సీ స్క్విర్ట్‌ల వర్గమే సకశేరుకాలకి మరింత దగ్గరని తేలింది. చేపలా కనిపించేది దూరం, సంచిలా కనిపించేది దగ్గర.

సందేహాలరావు

ఒక సామాన్యుడి ప్రశ్న. రాయికి అతుక్కుని ఉంటే పిల్లలెలా పుడతారు?

జీనోమ్_గీత

చాలా జాతుల్లో ఒక్కొక్కటీ ఆడా మగా రెండూనూ. సియోనా గుడ్లనీ వీర్యకణాలనీ నీళ్లలోకి వదిలేస్తుంది, ఫలదీకరణ నీళ్లలోనే. రెండూ తనవే అయినా తనతో తాను కలవకుండా గుడ్డు మీద ఒక అడ్డు ఉంటుంది. ఈగల మీద పనితో నోబెల్ తెచ్చుకున్న టీ. హెచ్. మోర్గాన్ చాలా ఏళ్లు ఈ అడ్డు వెనక పడ్డాడు. పావని గారి మూడో ఫోటోలోని డెండ్రోడోవా అలా కాదు, పిల్లల్ని ఒంట్లోనే పెంచి డింభకంగా వదులుతుంది. అవి ఎంతో దూరం పోవు. అందుకే ఆ ఎర్ర గుంపు అంత దగ్గర దగ్గరగా ఉంది, పక్కపక్కన ఉన్నవి చాలావరకు తోబుట్టువులే అయి ఉండొచ్చు.

సిడ్నీ_శ్రీను

ఇక్కడ సీ స్క్విర్ట్ అంటే ఎవరికీ తెలియదు, కంజివోయ్ అంటే ప్రతి జాలరికీ తెలుసు. పైయూరా ప్రెప్యూషియాలిస్. మీ గాజు సంచిలా నాజూగ్గా ఉండదు పావని గారూ, పిడికిలి కంటే పెద్దది, పైన మట్టిరంగు తోలు, దాని మీద నాచు. బండ అంచున నీళ్లు దిగే చోట వేలకొద్దీ ఒకదానికొకటి ఒరుసుకుని నేలలా పరుచుకుంటాయి. వాటి మీద నడిస్తే అటూఇటూ పిచికారీలే. కోస్తే లోపల నారింజరంగు మాంసం. డ్రమ్మర్, బ్రీమ్ చేపలకి దీన్ని మించిన ఎర లేదని ఇక్కడి ముసలాళ్లు ఒట్టేసి చెబుతారు. సిడ్నీ చుట్టుపక్కల కొన్ని తీరాల్లో తీయడం నిషేధం, మిగతా చోట్ల లెక్క ఉంది, కొత్తవాళ్లు బోర్డు చదివి దిగండి.

రాతి చేపలవేట చేసే మనవాళ్లకి ఇంకో మాట, టాపిక్ కాకపోయినా. కంజివోయ్ పరుచుకున్న మట్టం ఉందంటే అక్కడిదాకా అలలు తరచుగా వస్తున్నాయని అర్థం. పొడిగా ఉందని అక్కడ నిలబడి సెల్ఫీలు దిగొద్దు.

ఇదే జాతి పసిఫిక్‌కి ఆ ఒడ్డున చిలీలో కూడా ఉంది. అదీ ఆంటోఫగాస్టా ఖాతం చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్ల తీరంలో మాత్రమే, ఆ పైనా లేదు, కిందా లేదు. ఓడలకి అంటుకుని వెళ్లిందని ఎక్కువమంది అభిప్రాయం.

అలల_రాజు

చిలీ అంటే పియూరే గుర్తొచ్చింది. పైయూరా చిలెన్సిస్. చూడటానికి అచ్చం బండరాయి, రంపంతో కోస్తే లోపల ఎర్రెర్రగా. "రక్తం కారే రాయి" అని వాట్సాప్‌లో తిరిగేది దాని వీడియోనే. మా పెద్దమ్మ దాన్ని ఏదో దేవుడి మహిమ అని నాకు పంపింది. అక్కడివాళ్లు ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పచ్చిగా తింటారు. చిన్నప్పుడు మగది, పెద్దయ్యాక రెండూ. పక్కన తోడు లేకపోతే సియోనాలా పట్టుదలకి పోదు, తనతో తానే కలిసి పిల్లల్ని కంటుంది.

హారిక_బూసాన్

తినే సంగతి వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నా. బూసాన్‌లో ఉంటాను. చేపల మార్కెట్‌లో ఎర్రటి బుడిపెల బంతుల్లా తొట్లలో తేలుతూ ఉంటాయి, మంగే అంటారు. హాలోసింథియా రోరెట్జి. చల్లటి నీళ్ల ప్రాణి, వసంతం నుంచి వేసవి మొదలు దాకా సీజన్. టోంగ్యాంగ్, కోజే వైపు తాళ్లకి వేలాడదీసి సాగు చేస్తారు. మార్కెట్ ఆంటీ కొనల్ని కత్తిరించి, నిలువునా చీల్చి, నారింజరంగు కండ మాత్రం తీసి చేతిలో పెడుతుంది. పుల్లటి మిరప పేస్ట్ అద్దుకుని పచ్చిగానే తినాలి. మొదట ఉప్పన, తర్వాత చేదు, తర్వాత ఇనుప రుచి, ఆఖరికి నోట్లో తియ్యదనం. నాకు బాగా నచ్చింది, మావారు మార్కెట్ గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

జపాన్‌లో దీన్నే హోయా అంటారు. అక్కడ మియాగి తీరం దీనికి పెట్టింది పేరు. 2011 సునామీలో ఆ తోటలన్నీ కొట్టుకుపోయాయి. ఇది చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. మళ్లీ వేసుకుని పెంచుకునేలోగా, 2013లో కొరియా ఫుకుషిమా అణుకేంద్రం రేడియేషన్ భయంతో ఆ వైపు నుంచి చేపల దిగుమతి ఆపేసింది. వాళ్ల పంటలో పెద్ద భాగం కొనేది కొరియావాళ్లే. చివరికి 2016లో వేల టన్నులు తీసి తగలబెట్టాల్సి వచ్చింది. పంట పండి కూడా పారబోసుకోవడం ఎలా ఉంటుందో టమాటా రైతుని అడిగితే చెబుతాడు.

కొరియా రైతులకి వేరే కష్టం. గీత గారు చెప్పిన ఆ తోలు మెత్తబడి, పలచబడి, చివరికి చిరిగిపోయే జబ్బు 1990ల నుంచి ఉంది. కారణం ఏంటో చాలా ఏళ్లు తెలియలేదు. ఒక సూక్ష్మజీవి అని తేల్చి 2012లో దానికి పేరు పెట్టారు.

ఇంతకీ మాస్టారూ, ఆ ఐదో ఫోటో మా ఇంటి పులుసులో ఉండేదే! మిదోదోక్. చేపల పులుసులో, ఆగుజ్జిమ్ అనే కారం చేపల కూరలో వేస్తారు. వేడివేడిగా ఉండగా పళ్లతో నొక్కితే లోపలి నీళ్లు చిమ్మి నాలుక కాలుతుంది. కొత్తవాళ్లందరికీ ఇక్కడ ముందు ఇచ్చే హెచ్చరిక అదే.

మూర్తి_మాస్టారు

హారికా, నువ్వు కథ సగం చెప్పేశావు. మిగతా సగం ఇదీ. స్టైలా క్లావా మీ వైపుదే, వాయవ్య పసిఫిక్ ప్రాణి. బ్రిటన్‌లో మొదట కనబడింది 1953లో, ఎక్కడో కాదు, ప్లిమత్‌లోనే. అప్పుడే కొరియా యుద్ధం ముగిసింది. అక్కడినుంచి తిరిగొచ్చిన యుద్ధనౌకల అడుగున అంటుకుని వచ్చి ఉంటుందని అప్పటినుంచీ అనుకుంటున్నారు. తెలియని ప్రాణి కాబట్టి మొదట దాన్ని కొత్త జాతి అనుకుని వేరే పేరు కూడా పెట్టారు. అక్కడినుంచి యూరప్ తీరమంతా పాకింది. పావని గారు మెరీనా తాడు మీద చూసింది ఆ వలసదారుల మునిమనవల్నే.

హారిక_బూసాన్

ఇక్కడ కిలోల లెక్కన కొంటున్నాం, అక్కడ ఊరికే దొరుకుతుంది. పావని గారూ, పులుసు రెసిపీ పంపనా?

సందేహాలరావు

గోదావరి వాళ్లం పులస తింటాం కానీ ఇది నా వల్ల కాదు.

జీనోమ్_గీత

రెసిపీ వద్దు, ప్లీజ్. మెరీనా నీళ్లలో పడవ రంగుల్లోని రాగి, ఆయిల్ అన్నీ ఉంటాయి. రోజంతా ఆ నీళ్లని వడగట్టి ఒంట్లో దాచుకునే జంతువు అది. తినేది సాగు చేసినదో, పరీక్షించిన నీళ్లలోదో అయి ఉండాలి.

ఉత్తి చేత్తో వీటిని పెద్ద ఎత్తున చెక్కకూడదనడానికి ఇంకో కారణం ఉంది. హిరోషిమాలో ఆల్చిప్పలు ఒలిచే షెడ్లలో ఆడవాళ్లకి ఆస్తమా ఎక్కువగా వచ్చేది. చిప్పలకి అంటుకున్న సీ స్క్విర్ట్‌ల నుంచి ఎగిరే తుంపర్లే దానికి కారణమని తేలింది. తర్వాత గాలి ఆడే ఏర్పాట్లు చేసుకున్నారు.

మోడరేటర్

రెసిపీలు వంటల విభాగంలో పెట్టుకోండి. ఇక్కడ ప్రకృతి కబుర్లే. చర్చ బాగుంది, పిన్ చేస్తున్నాను.

ప్లిమత్_పావని

అందరికీ థాంక్స్. చదువుతుంటే టైమ్ తెలియలేదు. నిన్న మళ్లీ వెళ్లాం. ఈసారి పాకెట్ లెన్స్ పట్టుకెళ్లాం. రెండో ఫోటోలోని పసుపు పువ్వుల పొర పక్కనే ఊదారంగుది ఇంకోటి పెరుగుతోంది. రెండూ కలిసే చోట సన్నటి గోధుమరంగు గీత ఉంది. కొట్లాడుకుంటున్నాయా?

జీనోమ్_గీత

భలే చూశారు! దాదాపు అంతే. బోట్రిల్లస్ కాలనీలు రెండు ఎదురుపడితే అంచుల్లో ఉన్న రక్తనాళాల కొనలు ఒకదాన్నొకటి తాకి చూసుకుంటాయి. ఒక జన్యుస్థానంలో ఉండే రెండు కాపీల్లో కనీసం ఒకటి ఇద్దరిలోనూ ఒకటే అయితే కలిసిపోయి, రక్తం కూడా పంచుకుంటాయి. ఏదీ కలవకపోతే మధ్యలో కణాలు చచ్చి మచ్చ పడుతుంది. మీ గోధుమగీత అదే అయ్యుంటుంది. రంగు తేడా వల్ల కాదు, రంగు వేరైనా కలిసిపోయేవి ఉంటాయి. మనుషుల్లో అవయవ మార్పిడి చేస్తే ఒళ్లు ఒప్పుకోవడం, తిరస్కరించడం ఎలా మొదలయ్యాయో తెలుసుకోవడానికి స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం దశాబ్దాలుగా ఈ పొరలనే పెంచుతోంది.

కలవడంలో కూడా మోసం ఉంది. రక్తం పంచుకున్నాక ఒక కాలనీ మూలకణాలు రెండోదాని ఒంట్లోకి చేరి, దాని బీజకోశాల్లో తమ గుడ్లూ వీర్యమూ తయారుచేసుకోవచ్చు. పైకి ఇల్లు వాళ్లది, పుట్టే పిల్లలు వీళ్లవి. చుట్టాలు కానివాళ్లని రానివ్వకపోవడం ఎందుకో ఇప్పుడర్థమవుతుంది కదా.

ఇంకొకటి. వారం తర్వాత వెళ్లి అదే పొరని ఫోటో తీయండి. పువ్వుల అమరిక మారిపోయి ఉంటుంది. నీళ్లు ఓ మాదిరి వెచ్చగా ఉంటే దాదాపు వారానికోసారి పాత రేకులన్నీ ఒక్కసారే కరిగి కాలనీలో కలిసిపోతాయి, వాటి పక్కన మొగ్గలుగా పెరుగుతున్నవి వాటి స్థానంలోకి వస్తాయి. అక్కడి చల్లటి నీళ్లలో ఇంకాస్త ఆలస్యం అవ్వొచ్చు.

మాస్టారూ, దీన్ని కూడా తిరోగమనం ఖాతాలోనే వేస్తారా?

మూర్తి_మాస్టారు

ఖాతా నాది కాదమ్మా, సిలబస్‌ది. మా పాఠంలో బోట్రిల్లస్ లేదు, ఉంటే బాగుండేది. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: సీసాలోని ముద్దని చూసి పాఠం చెప్పినవాడికీ, వెంబరీలో నీళ్లు చిమ్మించుకున్న కుర్రాడికీ ఈ జంతువు ఒకేలా కనిపించదు. అయినా పృష్ఠవంశం పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు, నా మార్కులు నేను తగ్గించను.

హెర్డ్‌మానియా చదివిన మనవాళ్లకి ఓ ముచ్చట. ఆ హెర్డ్‌మన్ లివర్‌పూల్ ప్రొఫెసర్. చాలెంజర్ ఓడ ప్రపంచమంతా తిరిగి తెచ్చిన సీ స్క్విర్ట్‌లని వర్ణించింది ఆయనే.

అలల_రాజు

పావని గారూ, లెన్స్ ఉంది కాబట్టి ఇంకో పని. సియోనా గానీ, గాజుబల్బులా ఉండే క్లావెలినా గానీ నీటిగుంటలో దొరికితే, దాన్ని అక్కడే ఉంచి పక్కనుంచి టార్చ్ వేసి గుండెని చూడండి. సన్నటి గొట్టం, కవాటాలు లేవు. ఒకవైపుకి కొట్టుకుంటూ ఉండి, కొద్ది నిమిషాలకి ఆగి, మళ్లీ ఎదురు దిక్కుకి కొట్టడం మొదలెడుతుంది. రక్తం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఓపిగ్గా కూర్చుంటే మీవాడికి స్కూల్లో చెప్పడానికి మెదడు కంటే ఇదే బాగుంటుంది.

ప్లిమత్_పావని

చూస్తామండీ. ఇంకో ప్రశ్న. ఆ మెరీనాలో మావారి ఫ్రెండ్ పడవ ఉంది. తాళ్లకి, పడవ అడుగుకి ఇవి పట్టేశాయి. విదేశీ జాతి అంటున్నారు కదా, గీకి నీళ్లలో పారేస్తే మంచిదేగా అని అడుగుతున్నాడు.

జీనోమ్_గీత

వద్దని చెప్పండి. స్టైలా ఒక్కటే అయితే పరవాలేదేమో గానీ, ఆ తాడు మీద ఇంకేం ఉన్నాయో చూడాలి. డిడెమ్నమ్ వెక్సిల్లమ్ అనే పొర జాతి ఉంది. లేత పసుపు, కరిగిన మైనంలా కారుతూ వేలాడుతుంది. దాన్ని గీకితే విడిపోయిన ముక్కలు కొట్టుకుపోయి, పడిన చోట మళ్లీ అతుక్కుని పెరుగుతాయి. వేల్స్‌లో హోలీహెడ్ మెరీనాలో 2008లో అది కనిపిస్తే, తేలే వేదికలన్నిటికీ ప్లాస్టిక్ సంచులు, షీట్లు చుట్టి, లోపల ఊపిరాడకుండా చేసి చంపారు. పోయిందనుకున్నారు, 2010 వేసవిలో మళ్లీ వచ్చింది. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో 1990ల చివర స్టైలా చేరాక, ఆల్చిప్పల రైతులు పంట కంటే సీ స్క్విర్ట్‌ల బరువే ఎక్కువ మోయాల్సి వచ్చింది. వాళ్లు నేర్చుకున్నదీ ఇదే, నీళ్లలో గీకకూడదని.

పడవని పూర్తిగా ఒడ్డు మీదికి లాగించాలి. గీకినదంతా ఏరి చెత్తలో వేయాలి, కడిగిన నీళ్లు మళ్లీ సముద్రంలోకి పోకూడదు. తాళ్లని కొన్నాళ్లు ఎండలో పూర్తిగా ఆరబెడితే చాలు, సెల్యులోజ్ తోలున్నా పొడిదనానికి ఇవి తట్టుకోలేవు. అలా మైనంలా కారే పొర ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీసి మెరీనా ఆఫీసులో చూపించమనండి.

సిడ్నీ_శ్రీను

ఎండ అంటే ఇంగ్లండ్‌లో ఎక్కడ దొరుకుతుంది గీత గారూ 😀

ప్లిమత్_పావని

గ్యారేజీలో హీటర్ ఉందిలెండి. తాళ్ల ఫోటోలు శనివారం పెడతాను, ఏవి ఏవో చెప్పండి.